స్మరణా షికారూ ఒకే తీరాన

విశాఖపట్నం బీచ్ రోడ్డులో, రామకృష్ణా మిషన్ పేరు మీద ఆర్కే బీచ్ అని పిలిచే ఇసుక తీరాన, కాలినడక దూరంలో మూడు యుద్ధ జ్ఞాపికలు ఉన్నాయి. 1971లో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో నౌకాదళం సాధించిన గెలుపుకు గుర్తుగా 1996లో కట్టిన ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం ఒకటి. ఒడ్డెక్కించి మ్యూజియంగా మార్చిన జలాంతర్గామి ఐఎన్‌ఎస్ కురుసుర రెండోది. రోడ్డుకు అవతల నిలిపిన టీయూ-142 విమానం మూడోది. ఎండ తగ్గిందంటే వీటి చుట్టూ మురీ మిక్చర్ బండ్లు, మొక్కజొన్న పొత్తులు కాల్చే కుంపట్లు, బుడగలవాళ్లు, గుర్రం మీద పిల్లల్ని తిప్పేవాళ్లు చేరతారు. తెల్లవారుజామున రోడ్డు మీద వాహనాలను ఆపేస్తారు కాబట్టి ఆ వేళ తీరమంతా నడకకు వచ్చినవాళ్లదే.

వచ్చేది విశాఖవాసులే కాదు. విజయవాడలో పొద్దున్నే రత్నాచల్ ఎక్కినవాళ్లు మధ్యాహ్నానికి విశాఖలో దిగుతారు. కృష్ణా, గుంటూరు జిల్లాల బడుల విహారయాత్రల్లో సింహాచలం, బొర్రా గుహలు, అరకులతో పాటు ‘సబ్‌మెరైన్’ కూడా ఉంటుంది. డెల్టా పల్లెల్లో పెరిగిన చాలామంది పిల్లలు యుద్ధానికి సంబంధించిన ఒక వస్తువును చేత్తో తాకి చూసేది మొదట ఇక్కడే.

ప్రాణాలు పోయిన సంగతిని తలుచుకునే చోట తినుబండారాల బండ్లేమిటి, సెల్ఫీల సందడేమిటి అన్న అభ్యంతరం తరచూ వినిపిస్తుంది. అందులో కొంత న్యాయం ఉంది. అయితే జనం రాని స్మారకం ఏడాదికొక పూలదండకే పరిమితమవుతుంది. షికారుకు వచ్చినవాణ్ణి ఒక్క అరగంట ఆపి, జరిగినదేమిటో చెప్పి పంపగలగడమే అసలు పని. ఆర్కే బీచ్‌లో ఆ పని ఒకచోట చాలా బాగా జరుగుతోంది, మరొకచోట అంతగా జరగడం లేదు.

చెప్పవలసిన కథ మాత్రం పెద్దదే. 1971 నవంబరు 14న పాకిస్తాన్ జలాంతర్గామి పీఎన్‌ఎస్ ఘాజీ కరాచీ నుంచి బయలుదేరింది. రెండో ప్రపంచ యుద్ధం చివర అమెరికా కట్టిన ‘డయాబ్లో’ అనే జలాంతర్గామిని 1960లలో పాకిస్తాన్ తీసుకుని దానికి ఘాజీ అని పేరు పెట్టుకుంది. అంత దూరం వచ్చి బంగాళాఖాతంలో పోరాడగల జలాంతర్గామి ఆ దేశానికి అదొక్కటే. భారత విమానవాహక నౌక విక్రాంత్‌ను ముంచడం, విశాఖ రేవు ముందు సముద్రంలో మందుపాతరలు పరచడం దానికి అప్పగించిన పనులు.

అప్పటి తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్. విక్రాంత్‌ను ఆయన అప్పటికే అండమాన్ దీవుల వైపు పంపి దాచేశారు. అది విశాఖ దగ్గరే ఉందని శత్రువును నమ్మించడానికి ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ అనే పాత డెస్ట్రాయర్‌కు వేషం కట్టించారు. పెద్ద నౌక నుంచి వచ్చినట్టుగా అది వైర్‌లెస్ సందేశాలు గుప్పించింది. విక్రాంత్‌లో పనిచేసే నావికుడొకడు జబ్బుతో ఉన్న తల్లి ఎలా ఉందోనని అడుగుతున్నట్టు, రహస్య సంకేతాలేమీ లేని ఒక మామూలు సందేశాన్ని కూడా కావాలనే పంపారు. విశాఖలోని సరుకుల కంట్రాక్టర్లను పెద్ద నౌకకు సరిపడా తిండి సరుకులు సిద్ధం చేయమన్నారు. ఊళ్లో ఆ కబురు పాకితే శత్రువు చెవిన కూడా పడుతుందని లెక్క. ఆ విధంగా బజారు మాటలు కూడా యుద్ధంలో పాలుపంచుకున్నాయి.

డిసెంబరు 3 అర్ధరాత్రి దాటుతుండగా రాజ్‌పుత్ రేవు దాటి బయటికి వచ్చింది. ముందు నీళ్లలో అలజడి కనిపించిందని అక్కడ రెండు డెప్త్ చార్జీలు, అంటే నీటి అడుగున పేలే బాంబులు, జారవిడిచింది. కొద్ది నిమిషాలకు సముద్రంలో పెద్ద పేలుడు. ఒడ్డున ఇళ్ల కిటికీలు అదిరాయి. తెల్లవారాక నీళ్ల మీద తేలుతున్న వస్తువులను నౌకాదళానికి తెచ్చి అప్పగించింది విశాఖ జాలరులు. ఆ తరువాత గజఈతగాళ్లు దిగి, మునిగింది ఘాజీయేనని తేల్చారు. అందులో ఉన్న 90 మందికి పైగా నావికుల్లో ఒక్కరూ బతకలేదు. డెప్త్ చార్జీల వల్లే అది మునిగిందని భారత నౌకాదళం అంటుంది. తాను పరిచిన మందుపాతరో, లోపలి పేలుడో కారణమని పాకిస్తాన్ అంటుంది. యాభై ఏళ్లు దాటినా రెండు వాదాలూ అలాగే ఉన్నాయి. ఈ ఘటన ఆధారంగా సంకల్ప్ రెడ్డి తీసిన ‘ఘాజీ’ 2017లో వచ్చాక ఈ పేరు కొత్త తరం తెలుగువాళ్లకు ఇంటింటి మాట అయింది.

ఘాజీ శిథిలం విశాఖకు ఎంతో దూరం లేని సముద్రపు అడుగున ఇప్పటికీ ఉంది. 2024లో భారత నౌకాదళం ఆధునిక పరికరాలతో దాన్ని మరోసారి గుర్తించినప్పుడు, చనిపోయినవాళ్ల మీద గౌరవంతో తాకకుండా వదిలేసింది. బీచ్‌లో కూర్చుని సముద్రాన్ని చూసేవాళ్ల కళ్ల ముందే ఒక సమాధి ఉందన్నమాట. శత్రువుల సమాధి అయినా సమాధే. విజయ స్మారకం దగ్గర ఈ సంగతి కూడా చెబితే దాని గౌరవం ఇంకా పెరుగుతుంది.

‘విక్టరీ ఎట్ సీ’ దగ్గర ఏటా డిసెంబరు 4న, నౌకాదళ దినోత్సవం నాడు, తూర్పు నౌకాదళ అధికారులు పుష్పగుచ్ఛాలు ఉంచుతారు. ఆ తేదీ కరాచీ రేవు మీద భారత క్షిపణి పడవలు చేసిన దాడిది. అయితే విశాఖకు అది ఘాజీ రాత్రి కూడా. ఆ రోజుల్లో తీరం ఎదుట నౌకాదళ విన్యాసాలు జరుగుతాయి. యుద్ధనౌకలు ఒడ్డుకు దగ్గరగా వస్తాయి, హెలికాప్టర్ల నుంచి మెరైన్ కమాండోలు దిగుతారు, చీకటి పడ్డాక నౌకలన్నీ దీపాల వరసలతో వెలుగుతాయి. 2022లో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము ఈ తీరం నుంచే విన్యాసాలు తిలకించారు. ఆ సాయంత్రాల్లో స్మరణ, వేడుక, ఊరంతా కలిసి చేసే షికారు ఒకటిగా కలిసిపోతాయి.

మిగతా రోజుల్లో ఈ స్మారకం చాలామందికి ఫొటోకు మంచి వెనకతెర. దారిన పోయేవాళ్లు దాన్ని చూస్తారు, ఆగరు. కట్టడం పైకి చూడమంటుంది తప్ప దగ్గరికి రమ్మని పిలవదు. ఎత్తుగా నిలబెట్టిన స్మారకాలన్నిటికీ ఉన్న ఇబ్బందే ఇది. రాతి మీద ఉన్నది చదవడానికి మనిషికి ఒక కారణం కావాలి. కథ చెప్పేవాడో, లోపలికి వెళ్లే దారో, కనీసం నీడలో ఒక బల్లో ఉంటే తప్ప ఆ కారణం పుట్టదు.

కురుసుర ఆ పనిని చేసి చూపిస్తోంది. సోవియట్ యూనియన్ నుంచి భారత్ కొన్న మొదటి నాలుగు ఫాక్స్‌ట్రాట్ తరగతి జలాంతర్గాముల్లో ఇది నాలుగోది. 1969 డిసెంబరు 18న రీగాలో నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. 31 ఏళ్ల సేవ ముగించి 2001 ఫిబ్రవరి 27న విధుల నుంచి తప్పుకుంది. మామూలుగా అయితే అలాంటి నౌకను ముక్కలు చేసి పాత ఇనుముగా అమ్మేస్తారు. దానికి బదులుగా 91 మీటర్ల పొడవున్న ఆ ఉక్కు దేహాన్ని తీరానికి లాక్కొచ్చి, ఇసుకలో వేసిన కాంక్రీటు పునాది మీద నిలిపారు. 2002 ఆగస్టు 9న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు దాన్ని ప్రారంభించారు. అదే నెల 24 నుంచి జనాన్ని లోపలికి అనుమతించారు. దక్షిణాసియాలో ఇలాంటి జలాంతర్గామి మ్యూజియం ఇదే మొదటిది. నిర్వహణ అప్పట్లో విశాఖ నగరాభివృద్ధి సంస్థ వుడాది, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన వీఎంఆర్‌డీఏది.

లోపలికి అడుగుపెట్టగానే నవ్వులు తగ్గుతాయి. ముందు గదిలో ఆరు టార్పెడో గొట్టాలు గుండ్రటి మూతలతో కనిపిస్తాయి. వెనక మరో నాలుగు ఉన్నాయి. మొత్తం ఏడు గదులు. ఒకదాని నుంచి మరోదానికి వెళ్లాలంటే గుండ్రటి ఇనుప ద్వారంలోంచి తల వంచి, కాలెత్తి దూరాలి. ఒక గదిలో నీళ్లు చొరబడితే మిగతావి బతకాలని, లోపలున్నవాళ్లతో సహా ఆ తలుపు బిగించేస్తారు. గైడు ఈ మాట చెప్పినప్పుడు పిల్లలు వెనక్కి తిరిగి ఆ తలుపును మళ్లీ చూస్తారు. సుమారు 75 మంది సిబ్బంది వారాల తరబడి ఇందులోనే ఉండేవారు. పడకలు ఒకదాని మీద ఒకటి, మనిషి పక్కకు తిరగడానికే కష్టమయ్యేంత ఇరుకు. మంచినీళ్లు తాగడానికీ వంటకే, స్నానం మాట మరిచిపోవలసిందే. మూడు డీజిల్ ఇంజన్లు నడిచేటప్పుడు వేడి, నూనె వాసన. నీళ్లలోకి దిగాక బ్యాటరీలతో నడిచే మోటార్లు, వాటి వెంట వచ్చే నిశ్శబ్దం. వంటగది మామూలు ఇంటి పూజగదికి మించదు. అందులోనే అంతమందికీ మూడు పూటలా వండేవారు.

ఇక్కడ కథ చెప్పేవాళ్లు విశ్రాంత నౌకాదళ సిబ్బంది. వాళ్ల మాటలో బట్టీపట్టిన ధోరణి ఉండదు. ఏ చక్రం ఎటు తిప్పితే ఏమవుతుందో చేతులకు తెలిసినవాళ్లు చెబుతుంటే వినడం వేరు. దేశం కోసం అన్న పెద్ద మాట అక్కరలేకుండానే ఆ ఇరుకు, ఆ వేడి, ఆ తలుపు అన్నీ చెప్పేస్తాయి. బయటికి వచ్చి ఐస్‌క్రీమ్ కొనుక్కునే పిల్లవాడు లోపల చూసినదాన్ని మరిచిపోడు. స్మరణకూ వినోదానికీ పొత్తు కుదరదు అనేవాళ్లకు కురుసుర ముందు వరసలో నిలబడ్డ బడి పిల్లలే సమాధానం.

టీయూ-142 గురించి అంత చెప్పవలసింది లేదు. 1988లో నౌకాదళంలో చేరి, మొదట గోవా నుంచి, తరువాత తమిళనాడులోని అరక్కోణం నుంచి సముద్రం మీద దూర నిఘా చేసిన రష్యన్ విమానం ఇది. 2017 మార్చిలో విరమణ పొందింది. విడదీసి, విశాఖకు తెచ్చి, మళ్లీ బిగించాక అదే ఏడాది డిసెంబరు 7న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ మ్యూజియంగా ప్రారంభించారు. 50 మీటర్ల రెక్కలు చూసి జనం ఆశ్చర్యపోతారు. 29 ఏళ్లలో దానికి ఒక్క ప్రమాదమూ జరగలేదన్నది ఆశ్చర్యపడవలసిన మరో సంగతి.

ఈ తీరం మీద పడిన మరో యుద్ధం దాదాపు మరుగున పడింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. నష్టం పెద్దది కాకపోయినా భయం పెద్దది. కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని లోతట్టు పల్లెలకు వెళ్లిపోయాయి. పేలని జపాన్ బాంబు తొడుగు ఒకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది. సైనికుడికి స్మారకం ఉన్నట్టే, ఇల్లు వదిలి పరుగెత్తిన సామాన్యుడికీ ఈ తీరాన ఒక గుర్తు ఉండవలసింది.

సముద్రపు ఒడ్డున ఇనుమును కాపాడటం నిరంతరం సాగే పని. ఉప్పుగాలి ఉక్కును తినేస్తుంది. ఎప్పటికప్పుడు గీకి, రంగు వేస్తూ ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ రోడ్డును చీల్చిచెండాడింది. ఇసుక తీరమే కోతకు గురవుతూ ఉంటుంది. 1970లలో బయటి రేవు కోసం కట్టిన గోడలు దక్షిణం నుంచి ఉత్తరానికి సహజంగా సాగే ఇసుకను ఆపేయడం అందుకు ముఖ్య కారణం. రేవులో పూడిక తీసిన ఇసుకను తెచ్చి ఆర్కే బీచ్‌లో పోస్తూ ఉంటేనే ఈ షికారు స్థలం నిలుస్తోంది.

యుద్ధ స్మరణనూ జన సందోహాన్నీ కలపడం తెలుగువాళ్లకు కొత్త కాదు. కృష్ణా నది ఒడ్డున ఉన్న పల్నాడులో ఇది ఎప్పటి నుంచో ఉంది. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధం జరిగిన కారెంపూడిలో, నాగులేటి ఒడ్డున, వీరుల గుడి ఉంది. పోరులో పడిన వీరులకు గుర్తుగా అక్కడ రాళ్లు ప్రతిష్ఠించి పూజిస్తారు. కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు వీరారాధన ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని రోజుకొక పేరు. ఏ రోజు ఘట్టం ఆ రోజే. వీరాచారవంతులు తరతరాలుగా ఇళ్లలో భద్రపరచిన కొణతాలనే ఆయుధాలను ఊళ్ల నుంచి ఊరేగింపుగా తెచ్చి స్నానం చేయిస్తారు. వీర విద్యావంతులు కథను గానం చేస్తారు. మందపోరు నాడు బ్రహ్మనాయుడు మొదలుపెట్టాడని చెప్పే చాపకూడును కులం పట్టింపు లేకుండా అందరూ కలిసి తింటారు. చివరి రోజు వీరులు నేలకొరగడాన్ని అభినయిస్తారు. ఇదంతా జరిగేది తిరునాళ్ల మధ్యనే. మిఠాయి కొట్లు ఉంటాయి, గాజుల అంగళ్లు ఉంటాయి, రంగులరాట్నాలు ఉంటాయి. వాటి వల్ల వీరుల గౌరవం తగ్గిందని అక్కడ ఎవరూ అనుకోరు. ఎనిమిది వందల ఏళ్లు దాటినా బాలచంద్రుడి పేరు, కన్నమదాసు పేరు పల్నాటి పసివాడికి తెలియడానికి కారణం ఆ ఐదు రోజులే. శిల ఒక్కటే ఉండి, తిరునాళ్లు లేకపోయి ఉంటే ఆ పేర్లు శాసన పరిశోధకుల దగ్గరే ఆగిపోయేవి.

ఆధునిక స్మారకాల్లోనూ బాగా నడిచేవి స్మరణనూ తీరికనూ గోడతో కాక, వేళతో, లోపలి హద్దుతో వేరు చేస్తాయి. ఢిల్లీలో ఇండియా గేట్ చుట్టూ పచ్చిక మీద తరాల తరబడి కుటుంబాలు సాయంత్రాలు గడిపాయి. దాని పక్కనే 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం 40 ఎకరాల్లో వలయాలుగా ఉంటుంది. చెన్నై సంస్థకు చెందిన యోగేశ్ చంద్రహాసన్ దాని రూపశిల్పి. స్వాతంత్ర్యం తరువాత ప్రాణాలిచ్చిన 25 వేలమందికి పైగా సైనికుల పేర్లు గ్రానైట్ పలకల మీద, తల వంచక్కరలేకుండా చదివే ఎత్తులో ఉన్నాయి. తమ ఊరివాడి పేరు వెతుక్కుంటూ నడిచేవాళ్లు అక్కడ రోజూ కనిపిస్తారు. బయట పచ్చిక షికారుకు, లోపలి వలయం పేర్లకు. జపాన్‌లో కెంజో టాంగే రూపొందించిన హిరోషిమా శాంతి స్మారక పార్కు నగరం నడిబొడ్డున 1954 నుంచి ఉంది. అక్కడ ఏడాది పొడుగునా జనం నడుస్తారు, బెంచీల మీద కూర్చుని భోజనం చేస్తారు. ఆగస్టు 6 ఉదయం 8:15కు మాత్రం అందరూ మౌనంగా నిలబడతారు.

విజయవాడకు స్మారక ఉద్యానాల అనుభవం ఉంది, అవి యుద్ధానికి చెందినవి కాకపోయినా. రైల్వే స్టేషన్‌కు దగ్గరలోని గాంధీ కొండ మీద 52 అడుగుల గాంధీ స్మారక స్తూపాన్ని 1968 అక్టోబరు 6న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ ఆవిష్కరించారు. కొండ మీద గ్రంథాలయంతో పాటు పిల్లల కోసం చిన్న రైలు, తారామండలం కూడా ఏర్పాటు చేశారు. అంటే స్మరణకు తీరికను జోడించాలన్న ఆలోచన ఈ ఊరికి దాదాపు అరవై ఏళ్ల కిందటే వచ్చింది. పీడబ్ల్యూడీ గ్రౌండ్స్ అని ఊరంతా పిలిచే స్వరాజ్య మైదానంలో 2024 జనవరి 19న అంబేడ్కర్ స్మృతివనం ప్రారంభమైంది. 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల విగ్రహం. అదే మైదానంలో ఏళ్ల తరబడి పుస్తక మహోత్సవాలు, ఎగ్జిబిషన్లు, బహిరంగ సభలు జరిగేవి. పుస్తకాలను ప్రాణంగా ప్రేమించిన మహనీయుడి వనం కాబట్టి, అక్కడ పుస్తకాల పండుగకు మళ్లీ చోటు దొరికితే ఆయన పేరుకు అంతకన్నా తగిన నివాళి ఉండదు.

యుద్ధంలో పోయినవాళ్ల విషయానికి వస్తే, విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్లే దారిలో సూర్యాపేట ఉంది. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో వీరమరణం పొందిన కర్నల్ సంతోష్ బాబు ఊరు అది. ఆయనకు మహావీర్ చక్ర ప్రకటించారు. 2021 జూన్ 15న సూర్యాపేట కూడలిలో ఆయన విగ్రహం వెలిసింది. వాహనాల్లో వెళ్లేవాళ్లు చూసి దండం పెడతారు. కాని కూడలిలో నిలబడే చోటు ఉండదు, ఆగి పిల్లవాడికి కథ చెప్పే వీలు అసలే ఉండదు. తెలుగు ఊళ్లలో సైనికుల విగ్రహాలు ఎక్కువగా ఇలా రోడ్ల కూడళ్లలోనే వెలుస్తున్నాయి. అదే విగ్రహం ఊరి పార్కులో, నీడన, నాలుగు బల్లల మధ్య ఉంటే సాయంత్రం నడకకు వచ్చినవాళ్లందరికీ ఆ మనిషి రోజూ పరిచయమవుతాడు.

ఇందుకు వందల కోట్లు అక్కరలేదు. ఉన్న పార్కులో ఒక మూల, ఆ మండలం నుంచి వెళ్లి తిరిగిరానివాళ్ల పేర్లు, ఊరు, పటాలం, సంవత్సరం తెలుగులో చదవగలిగే ఎత్తున చెక్కితే చాలు. మాజీ సైనికుల నమోదు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల్లో ఉంటుంది. సెలవు రోజుల్లో వచ్చి గంటసేపు మాట్లాడగల విశ్రాంత జవాన్లు డెల్టాలో ఎందరో ఉన్నారు. తొందరపడవలసిన పని ఒక్కటే. 1971లో ఇరవై ఏళ్లున్న జవానుకు ఇప్పుడు డెబ్బై దాటాయి. కురుసురలో పనిచేసినవాళ్లూ వయసు మీద పడుతున్నవాళ్లే. వాళ్లు ఉండగానే వాళ్ల మాటలను వాళ్ల గొంతులోనే రికార్డు చేసి స్మారకాల దగ్గర వినిపించే ఏర్పాటు చేయాలి. ఆ పని విశాఖ తీరంలోనైనా, విజయవాడ పార్కులోనైనా ఈ కొద్ది ఏళ్లలోనే జరగాలి.